బయట ఏసిన తాళం

జనగామల ఆ కుట్టు షెడ్డుకు తొవ్వలు రెండే. ముంగట షట్టర్, ఎనుక ఇనుప తలుపు. ఎనుక తలుపు తెరిచినోళ్ళను ఎవలు చూడలే. దానికేసిన తాళం తుప్పు పట్టి బిగుసుకపోయింది. "తెరిచి పెడితే బట్ట దొంగలు పడ్తరు" అని షెడ్డు ఓనర్ రాజేందర్ సేఠు మాట. ఏం బట్టనయ్యా, పట్టుచీరెలా? బడి పిల్లల నీలం లాగులు, తెల్లంగీలు! వాటి మీదున్న పాయిరంల సగమన్న వాటిని కుట్టే ఆడోళ్ళ మీద ఉంటే, ఈ కథ చెప్పే పనే లేకుండె.

కళావతి ఆ షెడ్డుల చేతులు కుట్టేది. అంగీ మొత్తం ఒక్కలే కుట్టరు. ఒకామె కాలర్ కుట్టి పక్కకు నూకితే, ఇంకొకామె జేబు పెట్టి నూకుతది, కళావతి చేతులు అతికిచ్చి నూకుతది. అన్నీ అయినంక అంగీ ఎనుక తలుపు కాడ కూసున్న లచ్చవ్వ ఒళ్ళె పడ్తది. లచ్చవ్వ కాజాలు తీసి గుండీలు కుట్టేది. తలుపు సందుల నుంచి ఇంత ఎలుతురు వస్తదని ఆ మూలకే కూసునేది. ముసలి కండ్లకు ఆ సందే దిక్కు.

కళావతిది, లచ్చవ్వది ఒకటే తండా, తరిగొప్పుల అవుతల. ఇంట్ల వాళ్ళ లంబాడి మాట వాళ్ళది, షెడ్డుల తెలుగు. కళావతి మొగడు తుల్సీరాంకు లచ్చవ్వ చిన్నమ్మ అయితది. తుల్సీరాం తల్లి సచ్చిపోయినంక ఆ ఇంటికి పెద్దదిక్కు ఆమెనే. నోరు మాత్రం ఊరంత. "సేఠూ, నీ అంగీకి గుండీ ఊడింది, ఇటు తే, కుడ్త. లేకుంటే బొర్ర కనవడ్తది, సిగ్గుచేటు" అని నలుగుట్ల అనేసేది. ఆడోళ్ళంత మిషన్ల మీద తలకాయలు పెట్టి నవ్వేటోళ్ళు.

ఎండాకాలంల ఒకపాలి ఆ నోరే షెడ్డును ఆపింది. ఉడుకకు ఒక పొల్ల కండ్లు తిరిగి మిషన్ మీదనే పడ్డది. లచ్చవ్వ సూది కింద పెట్టి, "ఎనుక తలుపు తియ్యిండ్రి, గాలన్న వస్తది. తీసేదాక నేను గుండీ ముట్ట" అని కూసున్నది. గుండీలు లేని అంగీలు ఆమె ముంగట కుప్పపడ్డయి. కుప్ప పెరిగేసరికి కళావతి చేతులు కుట్టుడు ఆగింది, కళావతి ఆగేసరికి జేబులు ఆగినయి, కాలర్లు ఆగినయి. జఫర్‌గఢ్ నుంచి వచ్చి జనగామల కిరాయికుండే శోభారాణి లేచి, "గిట్లనే సంఘం పెట్టుకుందామే, ఒక్కటిగ ఉంటే ఎవడేం పీకుతడు" అన్నది. సేఠు ఉరికొచ్చిండు. దండం పెట్టిండు. "అమ్మా, తెలంగాణ రానియ్యిండ్రి. మన రాజ్యం వచ్చినంక ఒక్క తలుపేంది, కిటికీలు కూడ పెట్టిస్త. ఇప్పుడు మనలో మనకు లొల్లి ఎందుకు?"

నమ్మిండ్రు. నమ్మక ఏం చేస్తరు? ఊర్లె అందరికంటె పెద్ద జెండా ఆయన షెడ్డు మీదనే ఉండె. దీక్ష శిబిరానికి టెంటు ఆయనదే, మైకు ఆయనదే. లచ్చవ్వ ఒక్కతే సూదిల దారం ఎక్కిచ్చుకుంట, "రాజ్యం వచ్చేదాక గాలి పీల్వద్దన్నట్టు" అని గొణిగింది.

రెండు వేల పదకొండుల, బతుకమ్మ పండుగ ముంగట, సకల జనుల సమ్మె పడ్డది. బస్సులాగినయి. బడులు బందైనయి. అటు భూపాలపల్లిల బొగ్గుబాయిలు ఆగినయి. తుల్సీరాం ఆ బాయిలనే కాంట్రాక్టు పని చేసేటోడు. పని ఇడిసిపెట్టి తండాకొచ్చిండు, వచ్చిన కాంచి ఇంట్ల నిలువలే. పొద్దున లేస్తె జనగామ శిబిరం, మైకు, జై తెలంగాణ. మనిషి మొకంల కళ వచ్చింది. కళావతికి మొగని సూస్తె గర్వమే, కాదనలేం. కాని కుండల గింజలు గర్వంతోని నిండవు గద! ఒకనాడు మెల్లగ షెడ్డు తలుపు ముచ్చట తీసింది. "నీకు గిప్పుడు గదా ముచ్చట?" అన్నడు తుల్సీరాం. "ముందుగాల రాష్ట్రం రానియ్యి." సేఠు నోట్లె మాట మొగని నోట్లె ఇనేసరికి కళావతి మళ్ళ ఆ ముచ్చట తియ్యలే.

బొగ్గు రాక కరెంటు పోవట్టె. సేఠుకు అంగీల ఆర్డర్ మాత్రం ఆగలే. "రేపటి కాంచి రానోళ్ళు ఇగ ఎప్పుడు రావద్దు" అని కబురు పెట్టిండు. పైన జెండా, కింద దందా! తెల్లారక ముందే తండాకు ట్రాలీ ఆటో వచ్చేది. ఆడోళ్ళను ఎక్కిచ్చుకొని మీద తాటిపత్రి కప్పి గొర్లను తీస్కపోయినట్టు తీస్కపోయేది. కళావతి తుల్సీరాంకు పత్తి ఏరబోతున్ననని చెప్పింది. మొగడు సమ్మెల, పెండ్లాం పనిల. బయటపడితే తండాల తలకాయ ఎత్తుకునుడు ఉండదు. ముందుకు పోతే నుయ్యి, ఎనుకకు పోతే గొయ్యి.

షెడ్డుల సేఠు కొత్త పద్ధతి పెట్టిండు. ఆడోళ్ళు లోపటికి పోయినంక షట్టర్ దించి బయట తాళం. చూసెటోళ్ళకు షెడ్డు బంద్ ఉన్నట్టు. చాబీ వాచ్‌మన్ యాకయ్య జేబుల. యాకయ్య ఎదురుంగ చాయ హోటల్ల, ఏం తెల్వనోని లెక్క కూసునేటోడు. జనరేటర్ బయట ఉంటే సప్పుడు ఇనవడ్తదని దాన్ని లోపటికి గుంజిచ్చిండ్రు, ఎనుక తలుపు పక్కకు, కత్తిరించిన పేలికల కుప్ప కాడికి. దాని పొగ గొట్టం తలుపు సందుల పెట్టిండ్రు. లచ్చవ్వ ఎలుతురు సందు అట్ల పోయింది. "ఓరి మీ ఇల్లు పాడుగాను, ఉన్న ఒక్క బొక్క గూడ ఆక్రమించిండ్రు" అని తిట్టి, కండ్లు చికిలిచ్చుకుంట గుండీలు కుట్టింది.

ర్యాలీ వస్తుందంటే యాకయ్య శోభారాణికి ఫోన్ గొట్టేటోడు. వెంటనే జనరేటర్ బంద్. మిషన్లు బంద్. ఆడోళ్ళంత చీకట్ల ఉలుకు పలుకు లేకుండ కూసునాలె. డప్పులు దగ్గరికొచ్చేవి. పిల్లగాండ్లు కట్టెలతోని షట్టర్ మీద దబదబ కొట్టి, తాళం చూసి, "బంద్ ఉన్నదిరా, శాబాష్ సేఠు!" అని ముందుకు పోయేటోళ్ళు. లోపట ఒక్క దగ్గు రావద్దు. బయట అరిచెటోళ్ళల్ల ఒకామె కొడుకుండె, ఇంకొకామె తమ్ముడుండె. దొంగకు తేలు కుట్టినట్టు అందరు నోర్లు మూసుకునేటోళ్ళు.

అట్ల కూసున్న ఒకనాడు, డప్పులు దూరమైనంక, కళావతికి చీకట్ల చీదర పుట్టింది. "మనం పీనుగులమైనమే. నేను మన మీద శోకం ఎత్తుతా?" అన్నది నవ్వులాటకు. ఆమెకు ఆ పేరుంది. తండాల ఎవలన్న పోతే శోకం ఎత్తేది కళావతే. సచ్చినోళ్ళ పేరు పెట్టి, వాళ్ళు ఏం తిన్నరో, ఏం పడ్డరో, ఎవలు పెట్టిండ్రో, ఎవలు కొట్టిండ్రో అన్నీ రాగం తీసి ఏడ్చుకుంట చెప్తది. అత్త పోయిననాడు ఆమె ఎత్తిన శోకానికి తండా మొత్తం ఏడ్చింది.

లచ్చవ్వ నవ్వలే. దిగ్గున లేచొచ్చి ఆమె నోటి మీద చెయ్యి పెట్టింది. "థూ! బతికున్నోళ్ళ మీద శోకం ఎత్తద్దే, అపశకునం. ఎత్తినవంటే ఆ మనిషి పోవాల్సిందే. ఎత్తినంక ఇగ ఆపుడు గూడ ఉండదు. తండా నాయకుడొచ్చినా సరే, శోకం ఎత్తిన ఆడిదాని నోరు మధ్యల ముయ్యద్దు. తెలిసి తెలిసి గివేం మాటలు?" ఆ చెయ్యి సల్లగ ఉండె. కళావతికి పొద్దుగూకేదాక ఆ సలువ మొకం మీద అట్లనే ఉన్నది.

సద్దుల బతుకమ్మ ఇగ రెండు మూడు దినాలుందనంగ పెద్ద ర్యాలీ వచ్చింది. యాకయ్య ఫోన్ గొట్టిండు, జనరేటర్ బందైంది, చీకటైంది. షట్టర్ మీద దబదబ కొట్టుడైంది. కాని ఆనాడు ర్యాలీ ముందుకు పోలే. షెడ్డు ముంగటనే ఆగింది. వంటా వార్పు! నడిరోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, వండుకొని తిని, తొవ్వలు బంద్ చేసుడు. రాళ్ళు దొర్లిచ్చిన సప్పుడైంది. కట్టెలు ఇరిసిన సప్పుడైంది. తరువాత మైకుల ఒక గొంతు లేచింది, "తల్లులారా, అక్కలారా..."

కళావతి ఆ గొంతును గుర్తుపట్టింది. తుల్సీరాం. ఆమెకు మొగనికి నడుమ ఒక్క ఇనుప రేకు.

కొంచెం సేపటికి పొగ వాసనొచ్చింది. నిప్పు లేంది పొగ రాదంటరు, నిజమే. ఆ నిప్పు బయట పొయ్యిలల్ల ఉన్నదనుకున్నరు లోపటోళ్ళు. "పచ్చికట్టెలు పెట్టినట్టున్నరు" అని శోభారాణి గుసగుసలాడింది. దగ్గు రావద్దని తలా ఒక అంగీ తీసి నోట్లె కుక్కుకున్నరు. బయటోళ్ళు షట్టర్ కింది నుంచి సన్నగ పొగ వచ్చుడు చూడకపోలే. చూసిండ్రు. తమ పొయ్యిల పొగే గాలికి అటు పోయి మర్లుతుందనుకున్నరు. ఎవల పొగ ఎవలకు తెలుస్తది?

కళావతికి ముక్కుల ఏదో తేడా కొట్టింది. కట్టె పొగ కండ్లల్ల పడ్తది. ఇది గొంతుల పడుతుంది. బట్ట కమురు. ఎనుక మూలకు లచ్చవ్వ దగ్గు అణుచుకునే సప్పుడు ఇనవడ్డది. కళావతి చేతులతోని తడుముకుంట, మోకాళ్ళ మీద అటు పోయింది.

జనరేటర్ కాడ పేలికల కుప్ప లోపటి నుంచి ఎర్రగ కాలుతుంది. లచ్చవ్వ ఉత్త చేతులతోని పేలికలు గుంజి పారేస్తుంది. తాగే నీళ్ళ కుండ బోర్లపడి ఉన్నది, ఉన్న నీళ్ళన్నీ పోసింది. "అవ్వా!" అన్నది కళావతి. "సప్పుడు చెయ్యకే" అన్నది లచ్చవ్వ. "ఆరిపోతది. బయట నీ మొగడున్నడు. అందరి ముంగట నిన్ను చూస్తె పోరని మానం పోతది." చూసిండ్రా పాపం! పానం మీదికొచ్చినా ఆమెకు ఆ పొల్ల సంసారమే కండ్లల్ల మెదిలింది. ఒక్కొక్క పేలిక తీస్తుంటే లోపటికి గాలి పోయి కుప్ప ఇంకింత రాజుకుంది. నల్లపొగ లేచింది. లచ్చవ్వ ఒక్కసారి పైకి లేవబోయి, ఎనుక తలుపుకు ఒరిగి, అట్లనే జారి కూసున్నది.

కళావతి అరిచింది. ఇగ దాపరికం లేదు. ఆడోళ్ళంత లేచి షట్టర్ మీద పడ్డరు. పిడికిళ్ళతోని, కత్తెర్లతోని, కూసునే స్టూళ్ళతోని బాదిండ్రు. బయట డప్పులు మోగుతున్నయి, మైకుల పాట. షట్టర్ మోగేసరికి పిల్లగాండ్లకు ఉషారొచ్చింది. వాళ్ళు గూడ బయటి నుంచి కట్టెలతోని దరువేసిండ్రు. నవ్వుకుంట! లోపటి నుంచి వీళ్ళు, బయటి నుంచి వాళ్ళు. ఒకటే దరువైంది.

శోభారాణి యాకయ్యకు ఫోన్ గొట్టింది. ఎత్తిండు. "అన్నా, తియ్యన్నా, నిప్పంటుకున్నది, సచ్చిపోతున్నం!" "ఆగుండ్రి" అన్నడు యాకయ్య. "ఇప్పుడు తీస్తె అందరం దొరుకుతం. సేఠును అడిగి చెప్త. జర ఓపిక పట్టుండ్రి." పెట్టేసిండు. వంటా వార్పుల పెట్టిన బువ్వ ఇస్తారాకు చేతిల పట్టుకొని, జేబుల చాబీ పెట్టుకొని, షట్టర్ దిక్కే చూసుకుంట నిలవడ్డడు.

కళావతి లచ్చవ్వను రెక్కలు పట్టి షట్టర్ కాడికి గుంజుకొచ్చింది. కింద సందుల ఇంత గాలి వస్తదేమోనని ఆమె మొకం అక్కడ పెట్టింది. లచ్చవ్వ పెదవులు కదిలినయి. వాళ్ళ లంబాడి మాటలనే అన్నది, "ఎత్తవే."

"ఏంది అవ్వా?"

"శోకం. నా మీద ఎత్తు. అదైతే ఇంటడు నీ మొగడు."

"వద్దవ్వా. నువ్వు బతికే ఉన్నవు. నాతోని కాదు."

లచ్చవ్వ మళ్ళ మాట్లాడలే. కండ్లు సగం తెరిచి ఉన్నయి. కళావతి ఆమె ఛాతీ మీద చెయ్యి పెట్టింది. గుండె కొట్టుకుంటుందో, బయటి డప్పు రేకు మీదికెళ్ళి చేతిలకొస్తుందో తెలుస్తలేదు. ఎనుక పొల్లలు ఒక్కొక్కలు కూలవడుతున్నరు. కళావతి నేల మీద బోర్ల పండి, షట్టర్ కింది సందుకు నోరు పెట్టి, "యాడీ..." అని ఎత్తింది. యాడి అంటే వాళ్ళ మాటల తల్లి.

ఆ రాగం డప్పుల కలవలేదు, పాటల కలవలేదు. జై తెలంగాణ అనే ర్యాలీల పీనుగ మీది శోకం ఎందుకుంటది? ముందుగాల మైకు ఆగింది. తల్లి పోయిననాడు ఇన్న గొంతు అది, తుల్సీరాం ఎట్ల మరుస్తడు? "డప్పులాపుండ్రి!" అని కేకేసిండు. డప్పులాగినయి. గప్పుడు ఇన్నరు అందరు. తాళమేసిన షట్టర్ లోపటి నుంచి ఆడిది ఏడుస్తుంది, లచ్చవ్వ పేరు పెట్టి. తుల్సీరాం పొయ్యి కింది రాయి గుంజుకొని తాళం మీద ఏసిండు. బువ్వ కుండ బోర్లపడ్డది. షట్టర్ లేచింది. నల్లపొగ ఎనుక, నోట్లె తెల్లంగీలు కుక్కుకున్న ఆడోళ్ళు దేకుకుంట బయటికొచ్చిండ్రు. ఎదురుంగ యాకయ్య ఇంక ఇస్తారు పట్టుకొనే నిలవడి ఉండె.

తుల్సీరాం కళావతిని చూసిండు. కళావతి తుల్సీరాంను చూసింది. పత్తి చేన్ల ఉండాల్సిన మనిషి. పొల్లలు దగ్గి దగ్గి ఊపిరి తీసుకున్నరు. లచ్చవ్వ తీసుకోలే.

సేఠు కారు ఎంత జల్ది వచ్చిందో! దిగిండు, చూసిండు, మెడల కండువా తీసి లచ్చవ్వ మీద కప్పిండు, మైకు అందుకున్నడు. "మన లచ్చవ్వ! ఉద్యమంల పానమిచ్చిన తల్లి! శిబిరంల ఆమె ఫొటో పెడదాం!" ఎనుక ఉన్నోళ్ళు ఏం చూసిండ్రు? "లచ్చవ్వ అమర్ రహే!" అని అందుకున్నరు. తుల్సీరాం కళావతి చెవి కాడికి వంగిండు. "ఊకో కళా. ఇప్పుడు చెప్తె సమ్మెకే మచ్చ. నువ్వు పనికి పోయినవన్నది గూడ ఎవలకు తెల్వదు."

ఊకుంటే అందరికి మంచే. మొగని మానం దక్కుతది, ఆమె మానం దక్కుతది, అవ్వకు పూలదండ పడ్తది. ఎనుక తలుపుకు తాళం మాత్రం అట్లనే ఉంటది. కళావతికి కడుపుల నుంచి కోపం లేచింది. గంత కోపం ఆమెకు పుట్టినసంది రాలే. కండువా పట్టి గుంజి అవుతల పారేసింది. ఆపిన శోకం మళ్ళ ఎత్తింది. ఈసారి వాళ్ళ మాటల కాదు. అందరికి తెల్వాలని తెలుగుల ఎత్తింది.

"ర్యాలీల పోలేదే అవ్వా, తాళం ఎనుక పోయినవే... గాలి అడిగితే రాజ్యం రానియ్యిమన్నరే అవ్వా... మా మొగోళ్ళు బయట బువ్వ వండిండ్రే, మేం లోపట ఉడికినమే... చాబీ ఇస్తారు పట్టుకొని నిలవడ్డదే అవ్వా..."

"మైకు బంద్ చెయ్యిండ్రి! ఆమెకు మతి లేదు, పక్కకు తీస్కపోండ్రి!" అన్నడు సేఠు. ఇద్దరు ముందుకొచ్చిండ్రు. తుల్సీరాం వాళ్ళకు అడ్డం నిలవడ్డడు. మొకం చూస్తె పీనుగ మొకమే. "శోకం ఎత్తింది సేఠు. అయ్యేదాక ఎవలు ఆపద్దు" అన్నడు. సేఠు చేతిలకెళ్ళి మైకు గుంజుకొని పెండ్లాం నోటి కాడ పట్టిండు.

శోకం రోడ్డు పొడుగూత ఇనవడ్డది. ఆఖరుకు యాకయ్య వచ్చి, జేబులకెళ్ళి చాబీ తీసి, లచ్చవ్వ కాళ్ళ కాడ పెట్టి, అక్కడనే కూలవడ్డడు.

దసరా పోయినంక సంఘం పడ్డది. శోభారాణి ముంగట నడిచింది. ఎనుక తలుపును వాళ్ళే ఊడదీసి గోడకు ఆనిచ్చిండ్రు, తాళంతోని సహా. సేఠు అడ్డం రాలే. గుండీల కాడ ఇప్పుడు కళావతి కూసుంటది. తలుపు లేని తొవ్వల నుంచి మస్తు గాలి వస్తది, మస్తు ఎలుతురు వస్తది. తండాల మాత్రం ఆమె మళ్ళ ఎవల మీద శోకం ఎత్తలే. పిలువ వస్తె, "నాతోని కాదు" అంటది. తాను నోరు తెరిచిన ఆ గడియల అవ్వ ఉన్నదో, పోయిందో ఆమెకు ఇప్పటికి తెల్వదు.